ఇటాలియన్ క్రియల 14 కాలాలను గుర్తుంచుకోవడం ఎలా?

ప్రశ్న: పై చదువు కోసం ఈ ఏడాది ఇటలీలోని పాదువాకు వెళ్తున్నాను. పాఠాలు ఇంగ్లీషులోనే ఉంటాయి గానీ, ఇంటి యజమానులతోనూ దుకాణాల్లోనూ ఇటాలియన్ తప్పదని అక్కడున్న సీనియర్లు చెప్పారు. ఇంటర్మీడియట్‌లో సంస్కృత లకారాలను వల్లెవేసినట్టే ఇటాలియన్ క్రియల పట్టికలన్నీ వల్లెవేశాను. రాయమంటే రాయగలను, మాట్లాడమంటే నోరు పెగలడం లేదు. నియమం ప్రకారం నడిచే క్రియలకే ఇన్ని రూపాలుంటే, నియమం తప్పేవాటి సంగతేమిటి? తెలుగును ప్రాచ్య ఇటాలియన్ అంటారు కదా, మరి మనకు ఇది ఇంత కష్టమెందుకు? దేని తరువాత ఏది నేర్చుకోవాలి?
— ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: మీ చివరి సందేహంతో మొదలుపెడతాను. తెలుగుకు ఆ పేరు వచ్చింది మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయన్న పోలిక వల్ల. క్రియల విషయంలో ఆ పోలిక ఉపయోగపడుతుంది గానీ మీరు ఆశించిన విధంగా కాదు. ఇటాలియన్ క్రియలో ఎవరు, ఎప్పుడు అన్నది పదం చివరి అచ్చులోనే తేలుతుంది. ఆ అచ్చును మింగేసే అలవాటున్న భాషల వారికి అది పెద్ద ఇబ్బంది, మనకు కాదు. ‘మాట్లాడతాను’ అంటే చాలు, ‘నేను’ అనక్కరలేదన్నది మనకు సహజం, వారికీ సహజమే. ద్విత్వాక్షరాన్ని ఒత్తి పలకడం కూడా మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. కనుక మీ చెవికీ నాలుకకూ లోటు లేదు. లోటంతా మీరు రూపాలను అమర్చుకున్న తీరులో ఉంది. ఆరె, ఏరె, ఈరె అని ముగిసే మూడు క్రియా వర్గాలకు, 14 కాలాలకు, ఆరేసి రూపాల చొప్పున 252 రూపాలను వేటికవే విడివిడిగా మోస్తున్నారు. వాటిలో ఒకదానినుంచి ఒకటి పుట్టేవి ఏవో తెలిస్తే ఆ బరువులో చాలా భాగం దిగిపోతుంది.

చెప్పబోయే ముందు ఒక మాట. ఇటాలియన్ మాటలను తెలుగు లిపిలో రాసేటప్పుడు, ఊనిక పడే అచ్చును మాత్రమే దీర్ఘంగా రాస్తున్నాను, మిగిలినవన్నీ హ్రస్వాలు. మీ పాఠ్యపుస్తకంలోని రోమన్ అక్షరాలలో ఈ ఊనిక చాలావరకు కనిపించదు, అందుకే ఈ పద్ధతిని మీ నోటుపుస్తకంలోనూ పాటించమంటాను.

ఇటాలియన్ వ్యాకరణం క్రియకు ఏడు ‘మోదొ’లను చెబుతుంది. మోదొ అంటే చెప్పేవారి వైఖరి. జరిగినదాన్ని జరిగినట్టు చెప్పేది ఇందికతీవొ, అనుకున్నదాన్నీ కోరుకున్నదాన్నీ చెప్పేది కొంజుంతీవొ, షరతుకు లోబడినదాన్ని చెప్పేది కొందిత్సియొనాలె, ఆజ్ఞాపించేది ఇంపెరతీవొ. మిగిలిన మూడూ, అంటే ఇన్ఫినీతొ, పర్తిచీపియొ, జెరూందియొ అనేవి, మన అసమాపక క్రియల వంటివి. ‘పర్లాందొ’ అన్న జెరూందియొను మన శత్రర్థకం ‘మాట్లాడుతూ’తో సరిపెట్టుకోవచ్చు. ఇక ఆజ్ఞార్థకాన్ని పక్కన పెడితే, పురుషను బట్టి మారే కాలాలు ఇందికతీవొలో 8, కొంజుంతీవొలో 4, కొందిత్సియొనాలెలో 2, మొత్తం 14. వీటిలో సరిగ్గా సగం సమాస కాలాలు. అంటే ‘అవేరె’ లేదా ‘ఏస్సెరె’ అనే సహాయక క్రియ ఒక సాధారణ కాలంలో ముందు నిలుస్తుంది, అసలు క్రియ పర్తిచీపియొ రూపంలో దాని వెనుక నిలుస్తుంది. ‘ఓ పర్లాతొ’ అంటే మాట్లాడాను, ‘అవేవొ పర్లాతొ’ అంటే అప్పటికే మాట్లాడి ఉన్నాను, ‘అవ్రో పర్లాతొ’ అంటే మాట్లాడి ఉంటాను. ఇక్కడ ‘పర్లాతొ’ కదలలేదు, కదిలింది అవేరె ఒక్కటే. కాబట్టి అవేరె, ఏస్సెరె అనే రెండు క్రియలను బాగా నేర్చుకుని, పర్లాతొ, క్రెదూతొ, దొర్మీతొ అనే మూడు తీరుల పర్తిచీపియొను గుర్తుంచుకుంటే, 14లో 7 కాలాలకు పట్టికలే అక్కరలేదు. ఆ రెండు సహాయక క్రియలూ నియమానికి లొంగవు. అయినా వాటికి పెట్టిన శ్రమ ఏడు కాలాల్లో తిరిగి వస్తుంది గనుక, మొదట నేర్చుకోవలసింది వాటినే.

మిగిలిన ఏడు సాధారణ కాలాలను అడ్డంగా కాక నిలువుగా చూడండి. ‘మేము’ అనే అర్థం వచ్చే ప్రతి రూపం ‘మొ’తోనే ముగుస్తుంది: పర్లియామొ, పర్లవామొ, పర్లామ్మొ, పర్లెరేమొ, పర్లాస్సిమొ, పర్లెరేమ్మొ. బహువచనపు ‘మీరు’ ఎప్పుడూ ‘తె’తో ముగుస్తుంది, ‘నువ్వు’ దాదాపు ఎప్పుడూ ‘ఇ’తో ముగుస్తుంది, ‘వారు’ అయితే ‘నొ’ గానీ ‘రొ’ గానీ. అంటే ఆరు రూపాలలో నాలుగింటి చివరిని ఏ కాలంలోనైనా మీరు ముందే ఊహించవచ్చు. ఊహకు అందనివి ‘నేను’, ‘అతను లేదా ఆమె’ అనే రెండే, మీరు నిజంగా గుర్తుంచుకోవలసినవీ అవే.

అన్నిటికీ ఆధారమైన వర్తమానకాలాన్ని ఒకసారి పూర్తిగా రాస్తాను. మాట్లాడటం అనే అర్థం గల పర్లారె: పార్లొ, పార్లి, పార్ల, పర్లియామొ, పర్లాతె, పార్లనొ. నమ్మడం అనే అర్థం గల క్రేదెరె: క్రేదొ, క్రేది, క్రేదె, క్రెదియామొ, క్రెదేతె, క్రేదొనొ. నిద్రపోవడం అనే అర్థం గల దొర్మీరె: దోర్మొ, దోర్మి, దోర్మె, దొర్మియామొ, దొర్మీతె, దోర్మొనొ. వర్గం మారితే మారేది ఎంత తక్కువో గమనించండి. మూడు వర్గాల తేడా అంతా ఆ, ఏ, ఈ అనే మూడు అచ్చులలో ఉంది, ఆ అచ్చు ‘మీరు’ రూపంలో స్పష్టంగా కనబడుతుంది. దాన్ని పట్టుకుంటే మరో రెండు కాలాలు చేతికి వస్తాయి. ఇంపెర్ఫేత్తొ, అంటే ‘మాట్లాడేదాన్ని’ వంటి అలవాటు భూతకాలం కోసం దానికి ‘వొ’ చేర్చండి: పర్లావొ, క్రెదేవొ, దొర్మీవొ. కొంజుంతీవొలోని ఇంపెర్ఫేత్తొ కోసం ‘స్సి’ చేర్చండి: పర్లాస్సి, క్రెదేస్సి, దొర్మీస్సి. ఇంపెర్ఫేత్తొ ఇటాలియన్‌లో అత్యంత క్రమశిక్షణ గల కాలమని నా అభిప్రాయం. ఏస్సెరె ఒక్కటే దానికి పూర్తిగా లొంగదు. ఫారె, దీరె, బేరె వంటి పొట్టి క్రియలు కూడా తమ పాత లాటిన్ ధాతువులను బయటకు తీసి, ఫచేవొ, దిచేవొ, బెవేవొ అని బుద్ధిగా నడుస్తాయి.

పై పట్టికలో మరో విషయం దీర్ఘాల వల్ల కనిపిస్తోంది. ఏకవచనంలో ఊనిక ధాతువు మీద పడుతుంది, ‘మేము’, ‘మీరు’లలో ప్రత్యయం మీదికి జరుగుతుంది, ‘వారు’లో మళ్ళీ ధాతువు మీదికి వస్తుంది. ‘పార్లనొ’ను ‘పర్లానొ’ అనడం కొత్తగా నేర్చుకునేవారు తరచుగా చేసే పొరపాటు. నివసించడం అనే అర్థం గల అబితారెలో ఇది మరింత తెలుస్తుంది: నేను ఆబితొ, వారు ఆబితనొ. ఫోన్ చేస్తారు అన్నప్పుడు ‘తెలేఫొననొ’ అంటూ ఊనిక చివరినుంచి నాలుగో అక్షరం దాకా వెనక్కి పోతుంది. ఇది ఉచ్చారణ సొగసుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. ‘పార్లొ’ అంటే మాట్లాడతాను, ‘పర్లో’ అంటే అతడు మాట్లాడాడు. రెండింటినీ వేరుచేసేది ఊనిక ఒక్కటే.

ఈరె వర్గంలో ఒక ఉపవర్గం ఉంది, అందులో ‘ఇస్క్’ అనే ముక్క వచ్చి చేరుతుంది. ముగించడం అనే అర్థం గల ఫినీరె: ఫినీస్కొ, ఫినీష్షి, ఫినీష్షె, ఫినియామొ, ఫినీతె, ఫినీస్కొనొ. ఈ ముక్క ఊనిక ధాతువు మీద పడవలసిన నాలుగు రూపాల్లోనే వస్తుంది, అది కూడా వర్తమానానికీ, కొంజుంతీవొ వర్తమానానికీ, ఆజ్ఞార్థకానికీ పరిమితం. మిగిలిన అన్ని కాలాలలో ఫినీరె అచ్చం దొర్మీరె లాగే నడుస్తుంది. ఏ క్రియకు ‘ఇస్క్’ వస్తుందో చెప్పే నియమం సగమే ఉంది. ‘ఈరె’కు ముందు ఒకే హల్లు, దాని ముందు అచ్చు ఉంటే సాధారణంగా వస్తుంది: ఫినీరె, కపీరె, పులీరె, స్పెదీరె. బట్టలు కుట్టడం అనే కుచీరె దీనికి మినహాయింపు. రెండు హల్లులుంటే మాత్రం ఊహించకండి. దొర్మీరె, సెంతీరె, పర్తీరెలకు రాదు, కొల్పీరె, ఫొర్నీరె, గరంతీరెలకు వస్తుంది. మొత్తం మీద ఇస్క్ చేరని క్రియలే తక్కువ గనుక, వాటి జాబితానే రాసి పెట్టుకోవడం మేలు.

రోమన్ లిపిలో కొన్ని క్రియలకు మధ్యలో ‘హెచ్’ అక్షరం చేరడం, మరికొన్నిటికి ‘ఐ’ అక్షరం పోవడం చూసి బెదరకండి. వెతకడం అనే చెర్కారె ఏ రూపంలోనైనా ‘క’ ధ్వనిని నిలుపుకోవాలి, తినడం అనే మంజారె ‘జ’ ధ్వనిని నిలుపుకోవాలి, అక్షరాల మార్పు అందుకోసమే. చేర్కి, మంజెరో అని పలకడం వస్తే రాయడం దానంతటదే వస్తుంది.

భవిష్యత్తునూ కొందిత్సియొనాలెనూ జంటగా నేర్చుకోండి. రెండింటికీ ధాతువు ఒకటే, ఇన్ఫినీతొ, అంటే పర్లారె వంటి మూలరూపం, చివరి అచ్చు పోగా మిగిలేది. ఆరె వర్గంలో మాత్రం ‘అ’ కాస్తా ‘ఎ’ అవుతుంది: పర్లెరో, క్రెదెరో, దొర్మిరో. ఈ భవిష్యత్ ప్రత్యయాలు ఎక్కడినుంచో ఊడిపడలేదు. అవేరె వర్తమానం ఓ, ఆయ్, ఆ, ఆన్నొ అని నడుస్తుంది కదా, దాన్ని పర్లెరో, పర్లెరాయ్, పర్లెరా, పర్లెరాన్నొల పక్కన పెట్టి చూడండి. లాటిన్ చివరి దశలో ఇన్ఫినీతొకు అవేరె పూర్వరూపాన్ని జతచేసి మాట్లాడిన తీరే అతుక్కుపోయి ఈ భవిష్యత్తు అయింది. అదే అవేరె భూతకాలం అతుక్కుంటే కొందిత్సియొనాలె అయింది, అందుకే ‘ఏబ్బె’ అన్న రూపం పర్లెరేబ్బెలో చెక్కుచెదరకుండా వినిపిస్తుంది. పూర్తి వరుస ఇది: పర్లెరేయ్, పర్లెరేస్తి, పర్లెరేబ్బె, పర్లెరేమ్మొ, పర్లెరేస్తె, పర్లెరేబ్బెరొ. ఇక్కడే మన ద్విత్వం అక్కరకు వస్తుంది. ‘పర్లెరేమొ’ అంటే మాట్లాడతాం, ‘పర్లెరేమ్మొ’ అంటే వీలైతే మాట్లాడేవాళ్ళం. ఒక్క ‘మ’ ఒత్తుతో హామీ కాస్తా షరతు అయిపోతుంది.

రూపాలు వచ్చినా నోరు పెగలకపోవడానికి నాకు తోచే కారణం మరొకటి ఉంది. ఆలోచన తెలుగులో పుడుతుంది, మీరు మాత్రం ఇంగ్లీషు వ్యాకరణం పేర్ల మీదుగా ఇటాలియన్‌కు చేరుతున్నారు. ఆ దారి చుట్టు. నేరుగా వెళ్తే చాలాచోట్ల దగ్గర. ‘మాట్లాడాను’కు ‘ఓ పర్లాతొ’, ‘మాట్లాడేదాన్ని’, ‘మాట్లాడుతూ ఉండేదాన్ని’ అన్న రెండింటికీ ‘పర్లావొ’. ఈ రెండు భూతకాలాల మధ్య తేడాను వివరించడానికి ఇంగ్లీషు పుస్తకాలు పేజీలకు పేజీలు ఖర్చు చేస్తాయి. మీకు అది పుట్టుకతో వచ్చిన తేడా. తెలుగులో ‘రేపు బయలుదేరుతున్నాను’ అన్నట్టే వారు కూడా వర్తమానంలోనే ‘దొమాని పార్తొ’ అంటారు. ఇంకా ఆశ్చర్యకరమైనది, ఊహను చెప్పడానికి భవిష్యత్తును వాడటం. ‘ఈపాటికి వాడు నిద్రపోతూ ఉంటాడు’ అన్న వాక్యంలో మన క్రియ రేపటి గురించి చెప్పడం లేదు, ఇప్పటి గురించి అంచనా వేస్తోంది. ఇటాలియన్‌లో ఆ చోట ‘దొర్మిరా’ అంటే సరిపోతుంది.

ఏస్సెరెతో జతకట్టే క్రియల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. బయలుదేరడం అనే పర్తీరె అటువంటిది. అక్కడ పర్తిచీపియొ కర్త లింగవచనాలను అనుసరిస్తుంది కనుక మీరు ‘సోనొ పర్తీత’ అనాలి, మీ తమ్ముడైతే ‘సోనొ పర్తీతొ’ అంటాడు. ‘నేను’ అన్నప్పుడు కూడా లింగభేదం ఏమిటని విసుక్కోకండి, ‘మాట్లాడేవాణ్ణి’, ‘మాట్లాడేదాన్ని’ అన్నచోట మనమూ అదే చేస్తున్నాం. అకర్మక క్రియలన్నీ ఏస్సెరెతో వస్తాయని కొందరు చెప్పే సూత్రాన్ని నమ్మవద్దు. నిద్రపోవడం అకర్మకమే అయినా ‘ఓ దొర్మీతొ’ అంటారు, నడవడమూ అంతే, ‘ఓ కమ్మినాతొ’. ఏస్సెరెతో వచ్చే క్రియలు ఎక్కువగా రాకపోకలనూ స్థితి మార్పునూ చెప్పేవి, అంతవరకే ఆ సూత్రాన్ని నమ్మవచ్చు.

తెలుగు తోడురాని చోటు కొంజుంతీవొ. ‘అతను నిద్రపోతున్నాడని తెలుసు’, ‘అతను నిద్రపోతున్నాడని అనుకుంటున్నాను’ అన్న రెండింటిలోనూ మన ‘నిద్రపోతున్నాడు’ మారదు. ఇటాలియన్‌లో మొదటిది ‘సో కె దోర్మె’, రెండోది ‘క్రేదొ కె దోర్మ’. తెలిసినదానికి ఇందికతీవొ, అనుకున్నదానికి కొంజుంతీవొ. రూపం మాత్రం సులువు, అచ్చులు తారుమారవుతాయంతే. ఆరె క్రియలు ‘ఇ’ తీసుకుని పార్లి అవుతాయి, మిగిలినవి ‘అ’ తీసుకుని క్రేద, దోర్మ, ఫినీస్క అవుతాయి. ఏకవచనంలో మూడు పురుషలకూ ఇదే రూపం కనుక, అయోమయం కలిగేచోట ‘నేను’, ‘నువ్వు’ అన్న సర్వనామాన్ని చెప్పడం మంచిది. ‘మేము’ రూపం ఎలాగూ మారదు, పర్లియామొ పర్లియామొగానే ఉంటుంది. రూపం కంటే కష్టం, దాన్ని ఎప్పుడు వాడాలో వాక్యం మధ్యలో తట్టడం. అందుకు కొంజుంతీవొను విడిగా కాక ‘క్రేదొ కె’ (అనుకుంటున్నాను), ‘స్పేరొ కె’ (ఆశిస్తున్నాను) అనే ఎత్తుగడలతో కలిపి నోటికి అలవాటు చేసుకోవాలి.

షరతు వాక్యాలలో మన చేదర్థకం ఒక్కటే రూపం, ‘చదివితే’. దాని తరువాత ఏముందో చూస్తేనే అర్థం తేలుతుంది. ‘చదివితే అర్థమవుతుంది’ అంటే ‘సె స్తూది, కపిరాయ్’. ‘నువ్వు చదివితే అర్థమయ్యేది’ అంటే, చదవడం లేదు గనుక అర్థం కావడం లేదన్న భావంలో, ‘సె స్తుదియాస్సి, కపిరేస్తి’. ‘చదివి ఉంటే అర్థమై ఉండేది’ అంటే ‘సె అవేస్సి స్తుదియాతొ, అవ్రేస్తి కపీతొ’. ఈ చివరి రెండు వాక్యాలలో షరతు భాగంలో కొంజుంతీవొ, ఫలితంలో కొందిత్సియొనాలె ఉండాలి, వీటిని తిరగేస్తే ఇటాలియన్లు చిన్నపిల్లలను దిద్దినట్టు దిద్దుతారు. ‘అర్థమయ్యేది’ అన్న మన అలవాటు భూతకాలాన్ని యథాతథంగా దింపితే ‘సె స్తుదియావి, కపీవి’ అవుతుంది. ఇది వారి వాడుక మాటల్లో నిజంగానే వినిపిస్తుంది, కాబట్టి పొరపాటున మీ నోట వచ్చినా ఎవరూ వింతగా చూడరు. రాతలోనూ పరీక్షలోనూ మాత్రం అది చెల్లదు.

పస్సాతొ రెమోతొ గురించి మీరు భయపడనక్కరలేదు. పర్లాయ్, పర్లాస్తి, పర్లో, పర్లామ్మొ, పర్లాస్తె, పర్లారొనొ అని నడిచే ఈ భూతకాలం దక్షిణ ఇటలీలోనూ టస్కనీలోనూ మాటల్లో బతికి ఉంది, కథల్లోనూ చరిత్ర పుస్తకాల్లోనూ అంతటా ఉంది. మీరు వెళ్ళే పాదువా ఉత్తరాన వేనెతొ ప్రాంతంలో ఉంది, అక్కడ నిన్నటి సంగతైనా నలభై ఏళ్ళ కిందటి సంగతైనా పస్సాతొ ప్రోస్సిమొలోనే, అంటే ‘ఓ పర్లాతొ’ తరహా భూతకాలంలోనే చెబుతారు. చదివినప్పుడు గుర్తుపట్టగలిగితే చాలు, అందులోనూ కథల్లో ఎక్కువగా వచ్చే ‘అతను’, ‘వారు’ రూపాలు ముందు చూసుకోండి. క్రేదెరె వంటివాటికి క్రెదేయ్, క్రెదేత్తి అని రెండు రూపాలు కనిపిస్తే రెండూ సరైనవే.

ఆజ్ఞార్థకాన్ని మాత్రం వెళ్ళకముందే నేర్చుకోవాలి, ఎందుకంటే అందులో మర్యాద ఇమిడి ఉంది. ఒక్క వ్యక్తిని గౌరవించి మాట్లాడేటప్పుడు ఇటాలియన్ ‘లేయ్’ అంటూ క్రియను ప్రథమపురుష ఏకవచనంలో నడుపుతుంది, మనలా బహువచనంలో కాదు. బహువచనపు ‘వోయ్’ని ఒకే వ్యక్తికి వాడే అలవాటు దక్షిణాన కొన్నిచోట్ల ఉంది గానీ పాదువాలో అది వింతగా వినిపిస్తుంది. స్నేహితురాలితో ‘పార్ల’, ‘దోర్మి’, ‘ఫినీష్షి’ అంటారు. ఇంటి యజమానితో ‘పార్లి’, ‘దోర్మ’, ‘ఫినీస్క’ అనాలి, ఇవి కొంజుంతీవొ రూపాలే కనుక కొత్తగా నేర్చుకునేదేమీ లేదు. స్నేహితురాలిని వద్దని వారించాలంటే ఇన్ఫినీతొ ముందు ‘నొన్’ చేరిస్తే సరి, ‘నొన్ పర్లారె’.

ఇక క్రమం. అవేరె, ఏస్సెరె వర్తమానం, మూడు వర్గాల వర్తమానం, పర్తిచీపియొ, వీటితో పస్సాతొ ప్రోస్సిమొ, తరువాత ఇంపెర్ఫేత్తొ. ఇంతవరకు వస్తే పాదువాలో మొదటి నెలలు గడిచిపోతాయి. ఆ తరువాత భవిష్యత్తు, కొందిత్సియొనాలె జంటగా, వాటి వెంట లేయ్‌తో వాడే ఆజ్ఞార్థకం, చివర కొంజుంతీవొ రెండు సాధారణ కాలాలు. వల్లెవేసే తీరు కూడా మార్చండి. ఒక కాలంలో ఆరు పురుషలను కాక, ఒకే పురుషను ఏడు కాలాల గుండా నడపండి: పార్లొ, పర్లావొ, పర్లాయ్, పర్లెరో, పార్లి, పర్లాస్సి, పర్లెరేయ్. మాట్లాడేటప్పుడు మనకు కావలసింది ఎక్కువగా ‘నేను’, ‘నువ్వు’, ‘లేయ్’, అందుకే వాటితో మొదలుపెట్టండి.

నియమం తప్పే క్రియల గురించి అడిగారు. అవి ఎక్కువగా ఏరె వర్గంలో, అందులోనూ పర్తిచీపియొలోనూ పస్సాతొ రెమోతొలోనూ గుంపుగా ఉంటాయి. ఆరె వర్గంలో నియమం తప్పేవి అందారె, దారె, ఫారె, స్తారె అనే నాలుగే. భాషలోకి కొత్తగా వచ్చే క్రియలు కూడా దాదాపు అన్నీ ఈ వర్గంలోనే చేరుతున్నాయి: క్లిక్ చేయడం క్లిక్కారె అయింది, చాట్ చేయడం చత్తారె అయింది. వాటికి ‘ఓ క్లిక్కాతొ’, ‘చత్తెరో’ అన్న రూపాలను మీరు పుస్తకం తెరవకుండానే కట్టగలరు.